మా చర్చి కుడిపక్క

జమ్మలమడుగు దగ్గర మా ఊరి చర్చి ముందుభాగం వానకు కూలిపోయినప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పెద్దమనుషులేమో సిమెంటు డబ్బా ఒకటి కట్టేద్దామన్నారు. నేనొప్పుకుంటానా! రష్యాలో పాతకాలపు చెక్క చర్చిల ఫొటోలను కంప్యూటర్లలో దాచి, వాటిని చూసి పాడుబడ్డవాటిని బాగుచేసుకుంటున్నారని చదివాను. మనకేం తక్కువ? టీచరుగా రిటైరై ఖాళీగానే ఉన్నాను. స్కానరొకటి కొని, చర్చి మెట్ల మీద దిగిన పాత పెండ్లి ఫొటోల కోసం ఇంటింటికీ తిరిగాను.

సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒక్కటే పట్టు పట్టాడు.

"ఎడమపక్క గుండ్రం కిటికీ కనపడతాండాది టీచరమ్మా. కుడిపక్క గంట గోపురం యాడ? అది సూపియ్యకుంటే నేను తాపీ ముట్టను."

ఎక్కడుంటుంది! పెండ్లి ఫొటోలో పైవీధివాళ్ళు ఎడమకు, కిందివీధివాళ్ళు కుడికి నిలబడటం మా ఊరి అలవాటు. పార్టీలు వచ్చి వీధులు విడిపోయాక, మా పైవీధిలో ప్రతి ఇంట్లోనూ ఫొటోల కుడివైపు కత్తిరించి పారేశారు. మనుషులతో పాటు గోపురమూ పోయింది. నా పెండ్లి ఫొటోలో మా అమ్మ సొంత తమ్ముణ్ణే కత్తిరించింది. ఆ ఊపులో మా ఆయన భుజం కూడా ఎగిరిపోయింది. ఫొటో కదలకుండా పట్టుకున్నది నేనే.

కిందివీధివాళ్ళు ఊరు వదిలి ముప్పై ఏళ్ళు. అమ్మ కత్తిరించిన ఆ మామ పులివెందులలో ఉంటున్నాడు, మాటల్లేవు. తలుపు మొహాన వేస్తాడేమోనని భయపడుతూనే వెళ్ళాను.

"ఏంది పాపా, ఇన్నేండ్లకు దోవ తెలిసిందా?" అన్నాడు.

సంగతి చెప్పాను. బీరువాలోంచి నా పెండ్లి ఫొటోదే ఇంకో కాపీ తీసుకొచ్చాడు. మా నాయన వైపంతా కత్తిరించేసి ఉంది. కుడిపక్క గంట గోపురం నిక్షేపంగా ఉంది. దాని కింద మామ, మామ పక్కన మా ఆయన, ఆ పక్కన నేను.

"నన్ను తీసేయలేదే మామా!"

"మీ నాయన మీద కోపమైతే నిన్నెట్ల కత్తిరిస్తానే పిచ్చిదానా?"

బావురుమన్నాను. అత్త ఉగ్గాని, బజ్జీలు పెట్టేదాకా ఏడుస్తూనే ఉన్నాను, తర్వాత శుభ్రంగా తిన్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో రెండు ముక్కలూ జతచేశాను. రెండింట్లోనూ నేనున్నాను కనుక నా పూలదండ మీద పూలదండ పెడితే చాలు, చర్చి అతుక్కుంది. మా ఆయన భుజం తిరిగొచ్చింది. మేస్త్రి చూసి, "ఇంగ సున్నం తెప్పియ్యండి!" అని అక్కడే తలపాగా చుట్టాడు.

గోపురం లేచిన రోజు మామ వచ్చాడు. ఫొటోకని అందరూ మెట్లెక్కితే, పాత అలవాటు కొద్దీ కుడిచివరకు పోయి నిలబడ్డాడు. మా అమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టి లాగింది.

"ఆడ కాదు. నడుమకు రా. అంచున నిలబడితే మల్లా కత్తిరిస్తా."