కుచ్చు కింద పిల్లి

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. చదువైపోయి, నరసన్నపేటలో ఒక సెల్‌ఫోన్ల కొట్టులో పనికి కుదిరి, మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. అత్త వాళ్ళది వ్యవసాయం. కోతలవగానే కొత్త వరి కంకులను కుచ్చుగా అల్లి, పిచ్చుకలు తింటే ఇంటికి మంచిదని, అరుగు మీద చూరుకు వేలాడదీసేది. బాగానే ఉంది. కానీ అదే అత్త, గాదెలో ఎలుకల కోసమని సిట్టి అనే పిల్లిని కూడా పెంచేది. (ఎలుకలు గాదెలో పిల్లాపాపలతో సుఖంగా ఉండేవి. సిట్టికి వాటితో ఏ పేచీ లేదు.) అది పొద్దున్నే కుచ్చు కింద గోనెసంచి చాటున నక్కి కూర్చునేది. అత్త పిచ్చుకలకు విందు పెడుతున్నాననుకునేది, వడ్డన మాత్రం సిట్టికి జరిగేది.

ఆకలేసి పట్టినా ఊరుకుందును. నెత్తళ్ళ చేపలు కలిపిన అన్నం పొట్ట పగిలేలా తిని, ఆ తరవాత వేటకు బయల్దేరేది. పట్టినదాన్ని తినదు కూడా, తెచ్చి అత్త కాళ్ళ దగ్గర పడేసేది. ఉడతపిల్లలు, తొండలు, ఓసారి పొలంగట్టు నుంచి కౌజుపిట్ట. "సూడరా, నాకోసం తెచ్చింది. నువ్వొచ్చి ఇన్నాళ్ళయింది, ఒక్క అరటిపండు తెచ్చావేటి?" అని అత్త మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు ఒక పిచ్చుకల జంట మా కరెంటు మీటరు వెనకాల గూడు పెట్టి పిల్లల్ని చేసింది. వాటిని ఎలాగైనా దక్కించాలని పంతం పట్టాను. గంట కొని సిట్టి మెడకు కట్టాను. సాయంత్రం వచ్చేసరికి గంట లేదు. "దానికి నిద్దరట్టలేదురా," అంది అత్త. కుచ్చును పైకెత్తి కట్టాను. సిట్టి సైకిలు సీటెక్కి అందుకుంది. (ఆ సైకిలు నాదే, నా ఖర్మ.) పొద్దున్నపూటైనా గదిలో పెట్టి తలుపెయ్యమన్నాను.

"పిల్లిని బందీ సేస్తారేటిరా? పాపం సుట్టుకుంటాది."

"పిచ్చుకని సంపితే సుట్టుకోదేటి?"

"అది సంపితే దాని పాపం."

తెగించి, "ఈ ఇంట్లో ఆ పిల్లయినా ఉండాల, నేనైనా ఉండాల!" అన్నాను. అత్త తొణకలేదు. "నీకు మీ అమ్మ ఉన్నాది. దానికెవులున్నారురా?" అంది.

ఆ వారంలోనే సిట్టి తల్లిపిచ్చుకను తెచ్చి అత్త ముందు పెట్టింది. మగపిట్ట కాసేపు మీటరు చుట్టూ తిరిగి ఎటో పోయింది. పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. అన్నం మెత్తగా నలిపి నోటికందించబోయాను, మింగలేదు. సాయంత్రానికి వాటి చప్పుడు ఆగిపోయింది. పిల్లికి చెలగాటం అనే సామెత కట్టినవాడెవడో గానీ, ఆ రోజు దొరికుంటే వాణ్ణీ కొట్టేవాణ్ణి.

మళ్ళీ కోతలొచ్చాయి. అత్త ఎప్పటికన్నా పెద్ద కుచ్చు అల్లి కట్టింది. ఒక్క పిట్టా వాలలేదు. అత్త గడప మీద, సిట్టి ఆవిడ ఒళ్ళో, ఇద్దరూ పైకి చూస్తూ కూర్చునేవారు. గింజలు ఎండి వాటంతటవే రాలిపోయాయి. ఒక పొద్దున్న అత్త దిగులుగా, "ఈయేడు పిచ్చుకలు రాలేదేటిరా?" అంది.

"నన్నెందుకు అడగతావు? నీ ఒళ్ళో ఉన్నదాన్నడుగు!" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను.

పిల్లి వీపు నిమురుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. మర్నాటి నుంచి సిట్టిని పొద్దున్నపూట గదిలో పెట్టి తలుపేసేది. పిచ్చుకలు మాత్రం రాలేదు.

ఇప్పుడు విజయనగరంలో మా ఇంటికొచ్చి ఎవరైనా, "మా పిల్లి ఊరంతా తిరిగి సాయంత్రానికి వచ్చేస్తాదండీ," అని ముచ్చటగా చెబితే చాలు, వాళ్ళ టీ చల్లారిపోయేదాకా చివాట్లు పెడతాను. మా ఆవిడ గుమ్మంలోనే హెచ్చరిస్తుంది, ఆయన దగ్గర పిల్లి మాట ఎత్తకండి అని. గట్టిగా అరిస్తే పిట్టలు తిరిగొస్తాయనుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నెత్తి నెరిసింది గానీ, వాడింకా అరుస్తూనే ఉన్నాడు.