ఏవ్రిల్ మార్చుకున్న ముడి

గురువారం పొద్దున ఏవ్రిల్ టూహీ రొట్టెకు రాసుకునే వెజిమైట్ సీసా మూత తియ్యలేక ఒట్టి టోస్టే తిని కొండకు బయల్దేరింది. ఆమెకు అరవై నాలుగేళ్లు. మా నాటిముక్ ఊళ్లో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. ఊళ్లో సగంమందిని "కూర్చో" అని గదమాయించిన మనిషి. రెండేళ్లుగా బొటనవేళ్ల కీళ్లు అరిగిపోతున్నాయి. ఆ సంగతి డాక్టరుకు తెలుసు. డెస్ హాకింగ్‌కు మాత్రం చెప్పలేదు.

డెస్ గోధుమ రైతు, ఇప్పుడు పొలం కౌలుకిచ్చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి గురువారం ఇద్దరూ ఒకే తాడుకు చెరో కొసన కట్టుకుని కొండ ఎక్కుతారు. ఒక అంచె ఆమె ముందెక్కితే తర్వాతిది అతను. ముందెక్కినవాళ్లు పైన రాతి పగుళ్లలో నట్లనే మూడు లోహపు దిమ్మెలు ఇరికించి, వాటి కొక్కేలకు తాడు ముడేసుకుని, ఆ లంగరు ఆధారంతో తాడు లాగుతూ కిందివాళ్లను కాయాలి. "ఎనిమిది అంకెలా ఉండే ముడే వెయ్యి. తప్పు వేస్తే దూరం నుంచే కనబడుతుంది," అని మొదటి రోజే నేర్పింది డెస్సే. తాడును రెండు మెలికలు తిప్పి కొక్కేనికి తొడిగే క్లోవ్ ముడి ఎవరైనా వేస్తే, "గొర్రెను కట్టేస్తున్నావా?" అని వెక్కిరించేవాడు. ఏవ్రిల్ ఏనాడూ దాని జోలికి పోలేదు.

ఆ రోజు మొదటి అంచె ఆమెది. వెనక ఎక్కుతూ డెస్ ఉబ్బురాయి దగ్గర జారి, ఊపిరి తీసుకుంటూ రెండు నిమిషాలు తాడుకు వేలాడాడు. ఆ తొంభై కిలోల బరువుకు మూడు ముళ్లూ బిగుసుకుపోయాయి. తర్వాత పైకొచ్చి, ఆమె దగ్గర మిగిలిన, ఒక్కోటి ఒక్కో రంగున్న నట్లు అందుకుని, రెండో అంచె ఎక్కి వెళ్లిపోయాడు.

"రా ఏవ్!" పైనుంచి కేక.

ముళ్లు విప్పకుండా ఎక్కితే, డెస్ తాడు లాగుతుంటే అవి వెళ్లి అతని చేతి దగ్గర ఇరుక్కుంటాయి. రెండు ఎలాగో వచ్చాయి. మూడోది రాలేదు. బొటనవేలు పెట్టి నొక్కితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది?"

"నట్టు ఇరుక్కుంది!"

"ఏది?"

"పచ్చది!"

పైనుంచి తాడు జానెడు వదులైంది.

పళ్లతో లాగి, పిడికిలితో గుద్ది, ఇరవై నిమిషాలకు విప్పింది. ఎక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఈ గురువారంతో సరి.

పైన డెస్ నడుముకు పచ్చ నట్టు వేలాడుతోంది. ఏవ్రిల్ చూసింది. ఆమె చూడడం అతనూ చూశాడు.

"గొప్ప నట్టే. ఒకేసారి రెండుచోట్ల ఉంటుంది," అన్నాడు.

"నోర్ముయ్, ముసలాడా."

"చెయ్యి చూపించు."

"ఎందుకు, జాతకం చెప్తావా?"

చూపించింది. కీలు వాచి ఎర్రగా ఉంది. డెస్ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"లేసులు కట్టుకోడానికి బండ వెనక్కి ఎందుకు పోతున్నావో నాకు తెలీదనుకున్నావా? చలికాలం నుంచీ చూస్తున్నా."

"ఇదే ఆఖరు, డెస్. ఇంక నా వల్ల కాదు."

"ఎక్కడమా, ముడి విప్పడమా?"

"ముడి," అంది ఏవ్రిల్.

డెస్ ఆమె వైపు తాడు అందుకుని, రెండు మెలికలు తిప్పి కొక్కేనికి తొడిగాడు. దానిమీద ఒంటి బరువంతా వేసి కూర్చున్నాడు. లేచి, "విప్పు," అన్నాడు.

అరచేతి అడుగుతో ఒక్క తోపు తోసింది. మెలికలు విచ్చుకున్నాయి.

"ఇన్నేళ్లూ దీన్ని గొర్రెల ముడి అన్నావు కదరా!"

"అన్నా. అప్పుడు ముప్ఫై ఆరేళ్లు, నోరెక్కువ. మూడు నట్లకూ ఇదే వెయ్యి. గట్టిగా లాగి చూసుకో, పైకొచ్చాక నేనూ చూస్తా. నీ నడుముకు మాత్రం ఎనిమిదే. దాన్ని కిందికి దిగాక నేను విప్పుతా."

"ప్రతి గురువారమా?"

"నాకింకేం పనుంది?"

ఏవ్రిల్ ఆ ముడి వేసింది, తప్పింది, మళ్లీ వేసింది. ఆరోసారికి చూడకుండానే వచ్చింది. ఆఖరి అంచె ముప్ఫై ఎనిమిది మీటర్లు. వంతు ఆమెది. నట్లు నడుముకు తగిలించుకుని ముందెక్కింది.