రెండు లివర్ల జీపు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఖమ్మం నుంచి వచ్చే బస్సు మా షెడ్డు ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. డ్రైవర్ దిగి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "చెల్లే, మేస్త్రి పొద్దున దవాఖానల కాలం జేసిండు. నీకు చెప్పమని మీ ఆయన పంపిండు" అన్నాడు. బస్సులో వాళ్లెవరూ తొందరపెట్టలేదు. మళ్లీ ఎక్కేముందు అతను షెడ్డులోకి ఒకసారి తొంగి చూశాడు. "నా మొదటి బండికి బ్రేకులు ఆయనే కట్టిండు" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి అంటే మా మామ, మా ఆయన తండ్రి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే రోడ్డు పక్కన జీపులు, వ్యానులు బాగుచేస్తూ బతికాడు. ఏ పనైనా చేసేవాడు గానీ ఆయన పేరు బ్రేకుల మీదే నిలిచింది. పని అయ్యాక బండి ఎవరిదో వాళ్లనే సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించేవాడు. వాళ్లు బాగుందన్నా మొహం చూసేవాడు, నిజంగా బాగుందంటున్నారా, మొహమాటానికి అంటున్నారా అని. చేతులు ముందు కిరసనాయిల్‌తో, తర్వాత మట్టితో, చివర సబ్బుతో కడిగితే తప్ప కంచం ముట్టేవాడు కాదు.

నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఆయన ఎదుట కూర్చోలేదు, మాట్లాడలేదు. మా ఇళ్లలో కోడళ్ల పద్ధతి అది. మా ఆయన ఇల్లందులో బొగ్గు లారీ నడిపేవాడు, వారానికోసారి వచ్చేవాడు. అత్తకు మోకాళ్ల నొప్పులు. అందువల్ల బ్రేకు పైపుల్లో గాలి తీసే పని నా మీద పడింది. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి. మామ బండి కిందికి దూరితే నేను ఆయనకు కనబడను కాబట్టి కూర్చున్నా తప్పు లేదని ఆయనే తేల్చాడు. "పట్టినవా బిడ్డా?" అని కింద నుంచి అడిగేవాడు. నేను నోరు విప్పకుండా పానాతో ఇనుము మీద కొట్టేదాన్ని. ఒక దెబ్బ అంటే తొక్కి పట్టాను, రెండంటే వదిలాను.

"మామా కోడలు పోస్టాఫీసోళ్ల లెక్క తంతులు కొట్టుకుంటున్నరు" అని అత్త గడపలో కూర్చుని నవ్వేది.

నాకు గుర్తున్న సంగతుల్లో పెద్దది ఒక జీపు సంగతి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న ఒక మిర్చి రైతు కొడుకు దాన్ని తెచ్చాడు. అతను ఏదో ఊళ్లో కార్ల పోటీలు చూసి వచ్చాడు. కారు వేగంగా వస్తూ, వెనక చక్రాలు బిగుసుకుని, ఉన్నచోటనే గిర్రున తిరుగుతుందట. కోతలైన చేలో తన జీపు కూడా అట్లా తిరగాలని అతని కోరిక. పాత జీపుకు హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద ఉండదు, గేరుబాక్సు వెనక షాఫ్టు మీద ఉంటుంది. పరుగులో దాన్ని లాగి అప్పటికే ఒక షాఫ్టు విరగ్గొట్టుకున్నాడు.

"చేత్తో లాగే ఆయిల్ బ్రేకు పెట్టండి మేస్త్రిగారూ. వెనక చక్రాలు రెండూ టక్కున పట్టెయ్యాలి" అన్నాడు.

"తోక తిప్పుతవా? నీది జీపా, కోడెదూడనా?"

"మావాళ్లంతా చూడ్డానికొస్తారండి."

మామ నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. అటువంటి పని ఆయనెప్పుడూ చేయలేదు. ఎవరూ చేయనిది చేయమంటే ఆయనకు ఆకలి తెలిసేది కాదు. కాలి బ్రేకు నుంచి వెనక చక్రాలకు పోయే పైపు మధ్యలో ఇంకో సిలిండర్ పెట్టి, దాన్ని నొక్కే లివర్‌ను స్టీరింగ్ పక్కన నిలువుగా బిగించాలని అనుకున్నాడు. బల్ల మీద రెండు పాత సిలిండర్లు పెట్టాడు, ఒకటి లావు, ఒకటి సన్నం.

"లావుదే పెట్టండి. బలంగా ఉంటది" అన్నాడు రైతు కొడుకు.

మామ ముందు లావుదే బిగించి, నన్ను పిలిచి లాగమన్నాడు. రెండు చేతులతో లాగినా చక్రం పూర్తిగా ఆగలేదు. సన్నది పెట్టాక ఒక్క చేత్తో లాగాను. లివర్ కొంచెం ఎక్కువ దూరం వచ్చింది గానీ చక్రాలు రెండూ కదలకుండా పట్టుకున్నాయి.

"ఆడమనిషి చెయ్యి కొలతేంటండీ, నడిపేది నేనైతే!"

"నీ చెయ్యి నొచ్చిన దినం గుడ బ్రేకు పడాలె గద" అన్నాడు మామ.

అంతవరకు బాగానే ఉంది. పాత హ్యాండ్‌బ్రేకు లివర్ తీసేయమని రైతు కొడుకు పట్టుబట్టాడు. రెండుంటే ట్రాక్టరనుకుని నవ్వుతారన్నాడు. కొత్త లివర్‌కే పళ్లచక్రం పెడితే లాగినచోట ఆగుతుంది, బండి నిలిపేటప్పుడు కూడా అదే సరిపోతుంది అన్నాడు. మామ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. పాత తీగ, పాత లివర్ ఊడదీసి మూలన పెట్టాడు.

మర్నాడు పొద్దున జీపును మా వాకిట్లో రోడ్డు వైపు వాలుగా నిలిపి, గేరు తీసేసి, కొత్త లివర్ లాగి ఉంచాడు. పైపులో ఎక్కడైనా ఆయిల్ చుక్క కారుతుందేమో చూడాలని. కారలేదు. మధ్యాహ్నం రైతు కొడుకు ఆరుగురు కూలి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లను ఆ జీపులోనే గోదారి రేవుకు దించి, అక్కడి నుంచి పడవలో అవతల మిర్చి కోతకు పంపాలి. రేవు దారి నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతుంది, పడవ వచ్చేదాకా బండి ఆ వాలులోనే నిలపాలి.

ఆ పొద్దున నేను జీపు ముందు చాప పరిచి వడియాలు పెట్టాను. టైరుకూ చాపకూ మధ్య జానెడు జాగా వదిలినట్టు నాకు గట్టి గుర్తు. తిరగేద్దామని వెళ్లేసరికి టైరు చాప అంచు మీద ఉంది. ఒక వరస వడియాలు నలిగాయి. బండిని ఎవరూ ముట్టలేదు. లివర్ లాగినచోటనే ఉంది, పళ్లు వదల్లేదు. లివర్ వదలకుండానే బ్రేకు వదిలింది.

అత్తకు చెప్పాను. "నాకేం ఎరుక బ్రేకుల సంగతి? నువ్వే చెప్పు పో" అన్నది.

అప్పటికి రైతు కొడుకు సీట్లో కూర్చున్నాడు. ఆడవాళ్లు ఎక్కుతున్నారు. పానా నా చేతికి దగ్గర్లోనే ఉంది. కానీ ఒక దెబ్బకు అర్థముంది, రెండు దెబ్బలకు అర్థముంది. దీనికి దెబ్బ లేదు.

"మామా, బండి జరుగుతున్నది" అన్నాను.

ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. అందరూ నా వైపు చూశారు.

"ఇకనుంచి బ్రేకులు కోడలుగారు చూస్తారా మేస్త్రీ?" అన్నాడు రైతు కొడుకు.

మామ బండి దగ్గరికి వచ్చాడు. "అందరు దిగుర్రి" అన్నాడు. లివర్ మళ్లీ లాగి, టైరు ముందు నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. చాయ్ తాగేంతసేపు ఏమీ కాలేదు. రైతు కొడుకు నా వైపు చూసి నవ్వాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మామ గీత పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు, లేవలేదు. కూలి ఆడవాళ్లు సద్దిమూటలు విప్పి తిని, చేతులు కడుక్కునేసరికి టైరు గీతను నాలుగు వేళ్లు దాటింది.

మామ లేచి అందరూ వినేటట్టు చెప్పాడు. "తప్పు నాది. ఆయిల్ బ్రేకు లాగినప్పుడు పట్టుకుంటది, నిలబెట్టి పోతె పట్టుకోదు. లోపల్నే ఒత్తిడి తగ్గుతది, బయటికి చుక్క రాదు. నాకు తెల్వాలె, తెల్వలే. మా కోడలు చూసింది."

అంత వయసు మనిషి, అంత పేరున్న మనిషి, కూలివాళ్ల ముందు, కుర్రవాడి ముందు ఆ మాట అనడం నేనింకెక్కడా వినలేదు. ఆ పొద్దు గూకకముందే పాత లివర్, పాత తీగ మళ్లీ బిగించాడు. రైతు కొడుకు మొహం ముడుచుకుంటే, "తిప్పుకునుడు దానితోని, నిలుపుకునుడు దీనితోని. ఒక్కటి తీసినవో, నా షెడ్డు మొకం చూడకు" అన్నాడు.

తర్వాత అతను చేలో జీపు తిప్పాడు. మామ వెళ్లి చూసి వచ్చి, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవర్‌కూ మాత్రం సుద్దగీత కథ చెప్పేవాడు. అందులో తన తప్పును ఎన్నడూ చిన్నది చేయలేదు, నా మాటను ఎన్నడూ మరిచిపోలేదు. క్రమంగా నేను షెడ్డులో గొంతు విప్పి మాట్లాడడం నేర్చుకున్నాను.

ఆయనను తలచుకుంటే నాకు రేవు కనబడుతుంది. పాత లివర్ బిగించిన మర్నాడు కూలి ఆడవాళ్లను ఆయనే దించడానికి బయలుదేరాడు. "నువ్వు గుడ రా బిడ్డా" అని నన్ను ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. నడి వాలులో బండి ఆపి, ఇంజను కట్టేసి, పాత లివర్ లాగాడు. పడవ ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. మేం ఏడుగురం బండిలోనే కూర్చున్నాం. ఆయన దిగి, సరిగ్గా బండికి ఎదురుగా, కిందికి నీళ్ల దాకా నడిచాడు. మాకు వీపు పెట్టి గోదారి వైపు కూర్చుని, నింపాదిగా మొహం కడుక్కున్నాడు. పడవ వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.