మా ఫరంపేట వీధిలో సాయంత్రపు కరెంటు

మా పక్కింటి బాబాయిగారు మంగళవారం మధ్యాహ్నం పోయారు. భోజనం చేసి పడక్కుర్చీలో వాలారు, మళ్లీ లేవలేదు. నేను వార్త పని మీద దరియాలతిప్పలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది.

మాకు బంధుత్వం లేదు. యానాం ఫరంపేటలో పక్కపక్క ఇళ్లు, మధ్య ఒకటే గోడ. ఆయన కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరయ్యారు. ఇంకెవరూ ఒప్పుకోకపోవడంతో వీధి సంఘానికి అధ్యక్షుడయ్యారు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, 'విలేకరీ' అనేవారు.

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది. పెద్దదానికి అర్జీ పెట్టాం, వంతు రావాలి. వేసవి సాయంత్రాలు కూలర్లు, నీళ్ల మోటార్లు, ప్రతి గదిలో వందక్యాండిల్ బల్బూ ఒకేసారి పనిచేసేసరికి ఫ్యూజు కొట్టేసేది. అందరికీ అది ఉక్కపోత. బాబాయిగారింట్లో మాత్రం పిన్నిగారి ఊపిరి. ఆమెది ఉబ్బసం. చీకటి పడే వేళకు ఆయాసం వచ్చేది, మందు ఆవిరి పట్టే మిషను కరెంటు మీదే నడవాలి. కొన్న ఇన్వర్టరు బ్యాటరీ తక్కువ వోల్టేజీకి సరిగా ఛార్జి కాక చచ్చిపోయింది. గోడ పక్క వాళ్లం కాబట్టి మాకు తెలుసు. వీధిలో మిగతావాళ్లకు తెలియదు, తెలియకూడదన్నది ఆయన పట్టు.

ఆయన మొదట నిబంధన పెట్టారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మోటార్లు వేయకూడదు, ఇంటికి ఒక్క కూలరే. అందరి చేతా సంతకాలు పెట్టించారు. వారం బాగానే నడిచింది. తర్వాత కిరాణా కొట్టాయన ఇంట్లో మోటారు మీద గోనెసంచులు కప్పడం మొదలెట్టారు, చప్పుడు బయటికి రాకుండా. ఈయన వెళ్లి అడిగితే కొట్టాయన భార్య, 'ఆయ్, మోటారు కాదండి బాబాయ్‌గారు, మిక్సీ అండి' అంది. మిక్సీకి ట్యాంకు నిండి గోడ వెంట నీళ్లు కారుతున్నాయని ఆయన నాతో చెప్పి నవ్వారు.

మనిషి లాభం ఉంటేనే కదులుతాడని నేను వాదించేవాణ్ణి. కోర్టులో అంతకాలం కూర్చున్న మనిషి, ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నారు. సంఘం డబ్బుకు తన పెన్షన్ కొంత కలిపి, కరెంటు తక్కువ తినే సీఎఫ్‌ఎల్ బల్బులు తెప్పించారు. వెలిగే పాత బల్బు ఇచ్చినవాళ్లకు కొత్తది నామమాత్రపు ధరకు. వరండాలో హోల్డరు బిగించి ప్రతి పాత బల్బూ వెలిగించి చూసి తీసుకున్నారు. సరుకంతా రెండు రోజుల్లో అయిపోయింది. ఫ్యూజు పోవడం మాత్రం తగ్గలేదు.

ఇళ్లలోకి చూస్తే పాత బల్బులే వెలుగుతున్నాయి. యానాంలో ఏది చవగ్గా దొరికినా అది ముందు పొలిమేర దాటి చుట్టాలింటికి వెళ్తుంది. మాది కేంద్రపాలితం, పన్ను తక్కువ; అందుకే మాకు ఎప్పట్నుంచో ఉన్న అలవాటు ఇది. పెళ్లికి వెళ్తూ రంగు డబ్బాలు పట్టుకెళ్లే ఊరు మాది. అవతలి చుట్టాల ఇళ్ల పాత బల్బులు సంచుల్లో ఇక్కడికి వచ్చాయి, కొత్తవి అక్కడికి పోయాయి. కొట్టాయన భార్య దాచలేదు. 'మా ఆడపడుచుది అవతల ఇంజరం కదండి. ఇక్కడింత చవగ్గా ఇస్తున్నారని తెలిసి పంపకపోతే ఏవనుకుంటారండి?'

ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. 'మన వీధి బాగుపడుతుందనుకున్నానయ్యా విలేకరీ. ఇంజరం బాగుపడింది' అన్నారు.

ఏది ఎంత కరెంటు ఆదా చేస్తుందో చెప్పే నక్షత్రాల చీటీలు ఫ్రిజ్‌ల మీద వచ్చిన కొత్త అది. ఆ వార్త ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. 'పట్టుకుంటే సరుకు తయారుచేసేవాణ్ణి పట్టుకోవాలి. కొట్లో పాత సరుకే లేకపోతే ఈ సంతకాలూ అక్కర్లేదు, ఈ తాయిలాలూ అక్కర్లేదు' అన్నారు. అది వీధి సంఘం చేతిలో లేదని ఆయనకూ తెలుసు.

పిన్నిగారి సంగతి వీధిలో చెప్పేస్తే సరిపోతుంది కదా అని ఒకసారి అడిగాను. ఆయన గొంతు తగ్గించారు.

'చెబితే ఆపుతారు. కొన్నాళ్లు. ఆ తర్వాత చెమట పోసినప్పుడల్లా మీ పిన్నే గుర్తొస్తుంది వాళ్లకి. ఆవిడ కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. బతికున్న మనిషిని వీధికి బరువు చెయ్యనయ్యా నేను.'

ఆ తర్వాత ఫ్యూజు పోయిన ప్రతి సాయంత్రం ఆయన విసనకర్ర పట్టుకుని ఆమె పక్కన కూర్చునేవారు. లైన్‌మన్ వచ్చేదాకా చెయ్యి మారుస్తూ విసిరేవారు.

ఆయన పోయిన మంగళవారం, వాళ్ల కూతురు విశాఖ నుంచి వచ్చేదాకా ఆగాలి. ఎండలు మండుతున్నాయి. ఆయన్ని ఉంచడానికి కాకినాడ నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించి వరండాలో పెట్టాం. దానికి కరెంటు ఆగకూడదు. ఆరవుతుండగా కొట్టాయన భార్య బయలుదేరి ఇల్లిల్లూ తిరిగింది. 'బాబాయ్‌గారి పెట్టె ఆగిపోద్ది, కూలర్లు కట్టెయ్యండి' అంది. కట్టేశారు. మోటార్లు వేయలేదు. బల్బులు కూడా ఇంటికొకటే ఉంచారు. ఎవరూ సంతకం అడగలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. జనమంతా అరుగుల మీద కూర్చుని అట్టముక్కలతో విసురుకున్నారు. ఫ్యూజు పోలేదు. లోపల పిన్నిగారి మిషను కూడా ఆగకుండా నడిచింది.

మర్నాడు పొద్దున్న గోదావరి ఒడ్డున దహనం జరిగింది. మేం స్నానాలు చేసి వచ్చేసరికి పెట్టె తీసుకుపోవడానికి ఆటో వచ్చి ఉంది. అది మలుపు తిరగకముందే ఎదురింట్లో మోటారు వేశారు. తప్పు పట్టడానికి లేదు, ముందురోజు నుంచీ ఎవరికీ నీళ్లు లేవు.

ఆ సాయంత్రం ఏడు దాటాక ఫ్యూజు పోయింది. కూలర్ల మోత ఒక్కసారిగా ఆగింది. నేను విసనకర్ర కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, ఆ రోజు పేపరు మడిచి పట్టుకుని పక్కింటికి వెళ్లాను. కూతురు టార్చిలైటుతో లైన్‌మన్ నంబరు వెతుకుతోంది. పిన్నిగారు వీధివైపు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రెండు చేతులా ఊచలు పట్టుకుని, ముఖం వాటి మధ్య ఆనించి, గాలి కోసం నోరు తెరిచి.