సుందరి పుట్టించిన మాట

భానుచందర్ ఆ మాట అన్నప్పుడు బాలత్రిపురసుందరి అతనికి మూరెడు దూరంలోనే కూర్చుని ఉంది.

విజయవాడ వన్ టౌన్‌లో చేనేత చీరలు హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు అది. యజమాని దుర్గాశంకర్. కొట్టుకు ఇప్పుడున్న వెబ్‌సైట్ తీసేసి కొత్తది పెడతానని లాప్‌టాప్ పట్టుకుని వచ్చిన కుర్రాడు భానుచందర్.

"ఇది రాకెట్ అనే కంప్యూటర్ భాషండి. స్కీమ్ అని పాత భాష ఒకటుంది, దాని పిల్ల. ఎక్కడ చూసినా బ్రాకెట్లే. బెజవాడ మొత్తం మీద ఇది తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా ఉండరు. రేపు ఆగిపోతే ఏం చేస్తారు?"

దుర్గాశంకర్ గంభీరంగా తలూపాడు. సుందరికి ఒళ్ళు మండిపోయింది. కుర్రాడి మీద కాదు. అతనికేం తెలుసు, వచ్చి గంట కాలేదు. ఆ తలకాయ ఊపుడు చూసి మండింది. రెండేళ్ళుగా ఆ సైటు ఎవరి చేతుల్లో నడుస్తోందో ఆ తలకాయకు తెలియదా?

సుందరి పెడనలో మగ్గం నేసిన మార్కండేయులు కూతురు. తెలుగు మీడియంలో పదో తరగతి. పార్సిళ్ళు కట్టడానికి ఈ కొట్లో చేరి పదిహేనేళ్ళయింది. సైటు రాసింది యజమాని మేనకోడలు ప్రత్యూష, ఇంజనీరింగ్ చదువుకునే రోజుల్లో. ఆ పిల్లకు స్కీమ్ అంటే పిచ్చి. అందులో మనకు కావలసిన మాటలు మనమే పుట్టించుకోవచ్చట. అందుకని కొట్టు మాటలన్నీ తెలుగులోనే పెట్టింది. (పడుగు 12 (చీర "మామిడాకు పచ్చ" (అంచు "మెరూన్"))) అని రాస్తే చాలు, బొమ్మతో సహా పేజీ తయారవుతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అది ఎక్కించే పని సుందరికి నేర్పింది.

మొదట్లో ఒక బ్రాకెట్ మూయడం మరచిపోయి సైటు మొత్తం పడగొట్టింది సుందరి. ఉద్యోగం పోయిందనే అనుకుంది. ప్రత్యూష నవ్వి, ఎన్ని తెరిచారో అన్నీ మూయండి పిన్నీ, అంతే, అంది. అప్పటినుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ రాసింది. ఇప్పుడు వేళ్ళతో పనిలేదు.

తర్వాత ప్రత్యూషకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. బరువంతా సుందరి మీద పడింది. ఎవరైనా ఫోన్ చేసి సైటులో ఫలానాది సరిచేయమంటే దుర్గాశంకర్ దర్జాగా "మా కంప్యూటర్ వాళ్ళు చూస్తారండి" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆ కంప్యూటర్ వాళ్ళెవరా అని సుందరి చుట్టూ చూసింది కూడా.

ఆవిడ అక్కడితో ఆగలేదు. మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు నూలే పడుగు. ఒక పడుగు మీద నాలుగు చీరలు నేస్తే, నూలు అయిపోయే చోట ఆఖరిది ఒక్కోసారి జానెడు తగ్గుతుంది. మార్కండేయులు ఆ సంగతి చెప్పకుండా ఏనాడూ చీర ఇవ్వలేదు. సైటులో ఆ సంగతి చెప్పే మాట లేదు. ప్రత్యూషను అడిగితే, మీరే పుట్టించండి పిన్నీ, అంది. నాలుగు రోజులు కుస్తీ పట్టింది సుందరి. చివరికి 'ఆఖరిచీర' అన్న మాట పుట్టింది. అది రాస్తే చీర బొమ్మ కింద కొలిచిన పొడవు ఎర్రగా పడుతుంది. ఆ పని చేయమని ఎవరూ అడగలేదు, చేశాక మెచ్చుకున్నదీ లేదు.

భానుచందర్ కొత్త సైటు తెరిచి చూపించాడు. పన్నెండో పడుగు చీరలన్నీ ఒకే బొమ్మ కింద ఉన్నాయి. స్టాకు నాలుగు అని ఉంది. ఎర్రగా పడే పొడవు లేదు.

ఆఖరిదానికి పొడవు వేయలేదేమని సుందరి అడిగింది.

"దానికి ఇందులో చోటు లేదు ఆంటీ. అయినా అలాంటివి చెప్పకపోతేనే సరుకు కదులుతుంది" అన్నాడతను, చాలా మర్యాదగా.

దుర్గాశంకర్ నవ్వాడు. నవ్వకుండా ఉంటే ఏమయ్యేదో కానీ, ఆ నవ్వుతో సుందరి లేచి నిలబడింది.

"శంకర్ గారూ, తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరంటున్నారు. రెండేళ్ళనుంచి ఇది ఎవరు రాస్తున్నారో మీరే చెప్పండి."

"అంటే... మన సుందరి కూడా కొంచెం చూస్తూ ఉంటుందిలే" అన్నాడాయన.

కొంచెమట! పండగ రోజుల్లో కూడా వచ్చి ఎక్కించిన చీరలు కొంచెం. జ్వరంతో వచ్చి సరిచేసిన పేజీలు కొంచెం. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఇంత మాట ఎలా అనగలిగాడో!

సుందరి కీబోర్డు తన వైపు లాక్కుంది. ప్రత్యూష వెళ్తూ వెళ్తూ పేజీ అడుగున (నిర్వహణ "") అని ఒక వరుస పెట్టి, ఎవరు చూస్తున్నారో వాళ్ళ పేరు వేయమని మేనమామకు చెప్పింది. చూద్దాంలే అన్నాడాయన. రెండేళ్ళుగా అది ఖాళీగానే ఉంది. సుందరి అందులో తన పేరు కొట్టింది. సుందరి అనో సుందరమ్మ అనో కాదు, నాన్న పెట్టిన పేరు మొత్తం. బ్రాకెట్ మూసి ఉందో లేదో చూసుకుని సేవ్ చేసింది.

భానుచందర్ తెర వైపు వంగాడు. "ఈ ఆఖరిచీర అన్నది ప్రత్యూష గారు రాసిందా అండీ?"

"నేను రాశాను."

అతను పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు చదివాడు. తర్వాత తన లాప్‌టాప్ మూసేశాడు. "తెలిసినవాళ్ళు ఉన్నారండి. మీరు నాకు ముందే చెప్పాల్సింది" అన్నాడు దుర్గాశంకర్‌తో.

పాతదే ఉండనివ్వమని ఆయన గొణిగాడు. సుందరి కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

మధ్యాహ్నం తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. సైటులో రంగు తప్పు పడిందట. "మా కంప్యూటర్ వాళ్ళు..." అని అలవాటుగా మొదలుపెట్టి దుర్గాశంకర్ ఆగాడు. సుందరి వైపు చూశాడు. "ఉండండి, బాలత్రిపురసుందరి గారికి ఇస్తాను" అని ఫోన్ పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

ఆమె పార్సిల్ కడుతోంది. ముడి గట్టిగా బిగించి, మిగిలిన పురికొస కత్తిరించేదాకా ఆయన్ని అలాగే నిలబెట్టి, అప్పుడు ఫోన్ అందుకుంది.