హలో అక్క రాసిన పరీక్ష

ఫైర్ స్టేషన్‌లో ఆమెను అందరూ హలో అక్క అనేవారు. కంట్రోల్ రూమ్‌లో ఫోనెత్తే పని ఆమెది. మంటల్లో చిక్కుకున్నవాళ్ళు అవతల కేకలు పెడుతుంటే, తన గొంతు తొణక్కుండా అడ్రసు రాబట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. "బండి బయల్దేరిందమ్మా, వస్తున్నారు" అని చెప్పేది. తర్వాత ఏమైందో ఎవరైనా తిరిగొచ్చి చెబితేనే తెలిసేది. ఒకసారి నాలుగో అంతస్తు నుంచి మాట్లాడుతున్న ఒకావిడ దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. ఆవిడ బతికిందని సాయంత్రానికి తెలిసింది. కానీ ఆ రోజు నుంచి హలో అక్కకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మంటల దగ్గరకు వెళ్ళే ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం.

దాటాల్సిన గండాలు రెండు. ఒకటి ఒంటి పరీక్ష: మనిషంత బరువున్న, ఇసుక నింపిన బొమ్మను భుజాన వేసుకుని గడువులోగా మెట్లెక్కాలి. రెండోది రాత పరీక్ష: కాలేజీ ఫిజిక్సు, కాలిక్యులస్. మొదటిదానికి ఒంట్లో బలం లేదు, రెండోదానికి గుండెలో ధైర్యం లేదు. ఆమె తండ్రి అదే ఊళ్ళో తలనెరిసేదాకా ఫిజిక్సు చెప్పిన లెక్చరరు. ఆమె కాలేజీలో తప్పింది ఆ ఒక్క సబ్జెక్టే. దీపం కింద చీకటి అని అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు, కొన్నాళ్ళు మాట్లాడడమే మానేశాడు. అదింకా ఘోరం. ఆ తర్వాత ఆయన ముందు ఆమె పుస్తకం తెరిచింది లేదు. ఇప్పుడిక తప్పలేదు.

బస్ డిపో వెనక రేకుల షెడ్డులో ఒకాయన బరువులెత్తడం నేర్పేవాడు. మనిషి రోడ్డు రోలరులా ఉంటాడని రోలరన్న అనేవారు. ఆమె వెళ్ళి చేరితే ఆయన మొదట ఎత్తడం నేర్పలేదు. "ముందు పడెయ్యడం నేర్చుకోమ్మా. ఎక్కడ వదలాలో తెలియకపోతే నడుం పోతుంది" అన్నాడు. సాయంత్రాలు అక్కడ గడిచేవి. ఒళ్ళు పచ్చిపుండయ్యేది, అయినా నిద్ర పట్టేది.

పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర తండ్రి ఎదురుగా కూర్చున్నప్పుడే అసలు కష్టం. మేడ మీంచి వేలాడుతున్న నీళ్ళ గొట్టాన్ని పైకి లాగడానికి ఎంత పని జరుగుతుంది అని ఒక లెక్క ఇచ్చాడు. ఆమె మొత్తం బరువును మేడ ఎత్తుతో గుణించబోయింది. ఆ వరుస పూర్తికాకముందే ఆయన పెన్ను టకటకమంది. ఇంటిగ్రేషన్ ఎందుకు పుట్టిందనుకున్నావని అడిగాడు, బుర్ర ఎక్కడ పెట్టి కాలేజీకి వెళ్ళేదానివన్నాడు. ఆమె వేళ్ళు చల్లబడిపోయాయి. క్షణం కిందట తెలిసిన సంగతి కూడా గుర్తు రాలేదు. పొయ్యి దగ్గర తల్లి గిన్నెల చప్పుడు తగ్గించింది.

వారాల తరబడి ఇదే వరస. పరీక్ష దగ్గర పడింది.

ఒక సాయంత్రం వాన మొదలైతే తల్లి గొడుగిచ్చి తండ్రిని షెడ్డుకు పంపింది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి హలో అక్క అంతవరకు ఎత్తని బరువును మెడ వెనక వేసుకుని గొంతుక్కూర్చుని ఉంది. లేవబోయి సగంలో ఆగిపోయింది. తొడలు వణుకుతున్నాయి.

"అమ్మాయ్, వదిలెయ్" అని తండ్రి అరిచాడు.

ఆమె తల అటు తిరిగింది. కడ్డీ ఒక పక్కకు ఒరిగింది. రోలరన్న ఒక్క అంగలో వచ్చి ఒరిగినవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని అడ్డుకమ్ముల మీదికి దించేసరికి షెడ్డంతా మోగిపోయింది. ఇంకాస్త ఒరిగితే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. 

ఇంటికి వస్తూ గొడుగు కింద ఆమే మొదలుపెట్టింది.

"నాన్నా, నాకు లెక్కలు రాక కాదు. మీ గొంతు వినపడగానే చెయ్యి ఆగిపోతుంది. ఇవాళ మెడ మీద బరువుంది కాబట్టి మీకు కనపడింది. రోజూ జరిగేదదే."

"నీ మంచికేగా చెప్పేది."

"మంచికే. కానీ ఆ తప్పేదో చివరిదాకా చెయ్యనివ్వండి. చేశాక చెప్పండి."

ఆయన గొడుగు ఆమె చేతిలో పెట్టి వానలోనే ముందు నడిచాడు.

మర్నాడు బల్ల దగ్గరకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇద్దరి మధ్య రాయబారాలు నడపడం తనవల్ల కాదని తల్లి తేల్చేసింది. తర్వాతి రోజు ఆయనే వచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆమె ఆ గొట్టం లెక్కే మళ్ళీ తీసింది. మళ్ళీ అదే తప్పు. మొదటి వరుసలోనే ఆయనకు తెలిసిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఖాళీ అయిన గ్లాసును ఎత్తి మళ్ళీ మళ్ళీ తాగుతున్నాడు. ఆమె చివరిదాకా రాసి, వచ్చిన జవాబు వైపు చూసింది. "పైనున్న ముక్క దాదాపు కదలనే కదలదుగా" అని గొణిగింది. అంతా కొట్టేసి, గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా ఊహించుకుని, ఏ ముక్క ఎంత దూరం వస్తుందో రాసి కలిపింది. జవాబు ముందుదాంట్లో సగమైంది.

"ఊఁ" అన్నాడాయన. "తర్వాతది చెయ్యి."

అక్కడితో అంతా సర్దుకుందని కాదు. నోరు ఆగని రోజున ఆయన లేచి వరండాలోకి పోయేవాడు. ఆమె చేసింది ముగించి పిలిచేదాకా లోపలికి వచ్చేవాడు కాదు.

ఒంటి పరీక్ష ముందు జరిగింది. కంచె అవతల తల్లిదండ్రులు నిలబడ్డారు. బొమ్మను భుజాన వేసుకుని ఆమె మైదానం బాగానే దాటింది. రెండో మలుపు మెట్ల మీద పాదం జారింది. బొమ్మ నేలకు తాకితే ఇంటికి పోవాల్సిందే. ఆమె గోడకు భుజం ఆనించి, జారుతున్న బరువును తన ఒంటికీ గోడకూ మధ్య ఇరికించింది. మోచేయి చర్మం లేచిపోయింది. స్టాప్‌వాచ్ పట్టుకున్న ఆఫీసరు ముఖంలో ఏ భావమూ లేదు. తల్లి కళ్ళు మూసుకుంది. తండ్రి కంచె తీగను గట్టిగా పట్టుకున్నాడు, పెదవి మాత్రం విప్పలేదు. ఆమె మోకాలు మెల్లగా నిటారైంది. పైకి చేరేసరికి గడువుకు ఊపిరంత సమయమే మిగిలింది.

మర్నాడు రాత పరీక్షలో, పట్టీ వేసిన చేత్తో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పాత చలి వేళ్ళలోకి వచ్చేసింది. అయినా తోచింది రాసింది. తప్పని తేలాక కొట్టేసి మళ్ళీ రాసింది. ఆఖరి లెక్క ముట్టుకోకముందే గంట కొట్టారు. బయటికొచ్చి ఆ సంగతి చెబితే తండ్రి "సరే, ముందు అన్నం తిను" అన్నాడు.

గట్టెక్కడానికి కావాల్సినన్ని మార్కులే వచ్చాయి, ఒక్కటీ ఎక్కువ లేదు. ఆమెను ఊరి అవతలి స్టేషన్‌లో వేశారు. మొదటి నెలంతా గొట్టాలు కడిగి ఆరబెట్టడమే. రెండో నెలలో రంగుల గోడౌన్ అంటుకుంది. పై గదిలో చిక్కుకున్న కాపలా ముసలాయన్ను ఆమె, ఇంకో ఫైర్‌మన్ కలిసి దించారు. మెట్ల మీద ఆయన "నా చెప్పులు, నా చెప్పులు" అని ఒకటే గోల పెట్టాడట. తెల్లారి ఇంటికొస్తే ఆ పొగ వాసనకు తల్లి గుమ్మంలోనే ఆపి, బట్టలు బయటే విప్పించింది. లోపల తండ్రి బకెట్లో వేడినీళ్ళకు చన్నీళ్ళు కలిపి, మరీ వేడిగా ఉన్నాయేమోనని మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తున్నాడు.