మా ఊరావిడ అన్నాను

రోములో పెద్ద చర్చి చూడాలని మా అక్కకు ఎప్పటి నుంచో కోరిక. కోయంబత్తూరు దగ్గర సూలూరులో నాతో కలిసి పెరిగిన పెద్దమ్మ కూతురు. ఇప్పుడు దుబాయిలో కుట్టు పని చేస్తోంది, నేను ఇక్కడే ఆఫీసులో. ఈ రోజు ఇద్దరం టూరిస్టు వీసా ఆఫీసుకి వెళ్ళాం.

అక్క జీతం చూసి కౌంటరులో అమ్మాయి ముఖం ముడుచుకుంది. "ఈవిడ మీకేమవుతారు?" అని ఇంగ్లీషులో నన్నడిగింది. నా వీసా కూడా పోతుందేమోనని, "మా ఊరావిడ, అంతే" అన్నాను. అక్కకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది.

బయటికొచ్చాక సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్కే నా చెయ్యి పట్టుకుని, "పరవాలేదు అమ్మణీ, నీకన్నా వీసా దొరకనీ. నాకోసరం అక్కడ ఒక కొవ్వొత్తి ముట్టించు" అంది.

తిట్టినా నయంగా ఉండేది. ఇప్పుడు మెట్రోలో నా భుజం మీద తల ఆనించి నిద్రపోతోంది. లేచాక ఏమనాలో మీరే చెప్పండి.